గొట్టంలో చెంబెడు నీళ్ళు

మా ఇంట్లో మెట్ల కింద ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంది. మూరెడు కూడా ఉండదు. లోపల పిడికిలి పడుతుంది. దాని చుట్టూ పాత పంచె గుడ్డ చుట్టి, రెండు కొసలా పురికొసతో కట్టి ఉంటుంది. లోపల వడ్లు ఉన్నాయి. ఎలుకలొస్తాయని మా ఆయన రెండుసార్లు దాన్ని బయట పారేయబోయాడు, రెండుసార్లూ నేను అరిచాను. నాకు కోపం ఎక్కువని ఆయనకు పెళ్ళైన నెలకే తెలుసు కాబట్టి ఎందుకని అడగలేదు. అడిగినా అప్పుడు చెప్పేదాన్ని కాదేమో.

పదేళ్ళు సూర్యాపేటలో ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాను. తర్వాత ఒక ప్రాజెక్టులో ఫీల్డు ఉద్యోగం దొరికింది. ఆఫీసు మిర్యాలగూడలో, తిరుగుడు మునగాల చుట్టుపక్కల ఊళ్ళలో. స్కూటీ మీద హైవే ఎక్కి, లారీల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయే ఉద్యోగం. అయినా నాకు నచ్చింది. బడిలో భూమి వేడెక్కుతోందని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. ఇప్పుడు దాని గురించి ఏదో చేస్తున్నానని నాకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

పని చెప్పుకుంటే చిన్నదే. వరి మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటే ఆ బురదలో మీథేన్ అనే గాలి పుట్టి పైకి పోతుంది, భూమి వేడిని పెంచుతుంది. మడిని మధ్య మధ్య ఆరనిస్తే అది తగ్గుతుంది. యూరప్‌లో ఒక దేశం తన ఫ్యాక్టరీల పొగను అనుకున్నంత తగ్గించలేకపోయింది. మా దగ్గర మడులు ఆరబెట్టించి, తగ్గినదాంట్లో కొంత తన వాటాగా చూపించుకుంటానని మన దేశంతో మాట్లాడుకుంది. ఎక్కడో ఏసీ హాళ్ళలో కోట్లు వేసుకున్నవాళ్ళు కుదుర్చుకున్న ఆ మాట, చేతులు మారీ మారీ, చివరికి నా స్కూటీ మీద కాళ్ళ దగ్గర పెట్టుకున్న చిల్లుల గొట్టాలుగా మా ఊళ్ళకు చేరింది.

గొట్టాన్ని మడిలో సగానికి పైగా పాతాలి. చిల్లుల్లోంచి నేలలోని నీళ్ళు లోపలికి వస్తాయి కాబట్టి, గొట్టంలోకి చూస్తే మన్ను కింద నీళ్ళెంత లోతుకు దిగాయో తెలుస్తుంది. లోపల ఒక ఎర్రగీత ఉంటుంది. నీళ్ళు ఆ గీత దాకా దిగిన తర్వాతే మడికి మళ్ళీ నీళ్ళు పెట్టాలి. వారానికోసారి నేను వెళ్ళి, స్కేలు పెట్టి, ఫోన్‌తో ఫోటో తీసి పంపాలి. ఆ ఫోటోలే సాక్ష్యం. రైతు మాటకు గానీ నా మాటకు గానీ అక్కడ విలువ లేదు.

నాకు ఇచ్చిన ఊళ్ళలో మా పెద్దమ్మ ఊరు ఒకటి. మా అమ్మకు అక్క ఆమె. పిల్లలు లేరు. నా చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. నాకు ఈత నేర్పింది పెద్దనాయన, కాలువలోకి తోసి. తోసినందుకు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదట నేను. "దీనికి కోపం మా అత్త పోలిక" అని పెద్దమ్మ అనేది.

నేను ఈ ఉద్యోగంలో చేరడానికి ముందు ఎండాకాలమే పెద్దనాయన పోయాడు. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర పోసి ఉన్నాయి. తేమ ఎక్కువుందని కాంటా కాలేదు. ఆరబోయడం, సాయంత్రం కుప్ప చేయడం, మబ్బు పడితే పట్టా కప్పడం, పొద్దున మళ్ళీ విప్పి ఆరబోయడం. అలా నాలుగు రోజులు. నాలుగోనాడు మధ్యాహ్నం పట్టా నీడన పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. పక్క కుప్పవాళ్ళు పిలిస్తే పలకలేదు. ఆటోలో సూర్యాపేట దవాఖానకు తెచ్చారు. నేను ఇంటి నుంచి పరిగెత్తుకుంటూ పోయేసరికి ఆటోలోంచి దించను కూడా దించలేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. వడదెబ్బ అన్నారు.

ఆ రోజు పెద్దమ్మ నా భుజం పట్టుకుని ఒకటే మాట అన్నది. "నేనే బిడ్డా. నేనే చేసిన." మనిషి పోయిన ఇంట్లో అందరూ ఇలాంటివే అంటారు, నేను పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆమె ఎవరు బయల్దేరినా వాకిట్లోకి రావడం మానేసింది. ముండమోసినదాన్ని, ఎదురు రాకూడదని ఆమె లెక్క. నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు స్కూటీ గేటు ముందు పెట్టి, స్టార్ట్ చేయకుండా కూర్చున్నాను.

"నువ్వు బయటికి రాకపోతె నేను బండి తియ్య" అన్నాను.

"ఎండల మాడుతవే, పో" అన్నది లోపలి నుంచి.

"మాడుత."

పది నిమిషాలకు వచ్చింది. చేతిలో నిండుగా నీళ్ళున్న చెంబు. నాకు తాగడానికి తెచ్చిందనుకుని రెండు గుక్కలు తాగాను. ఆమె చెంబు వెనక్కి లాక్కుని, వాకిట్లో ఉన్న బకెట్‌లో ముంచి మళ్ళీ నింపి పట్టుకుంది. నేను మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది. అప్పటి నుంచి ప్రతిసారీ అంతే, నిండు చెంబుతో గేటు దాకా వచ్చేది. నేను గెలిచానని అనుకున్నాను.

ఆ చలికాలంలో, నాట్లకు ముందు, ఊరి రైతు వేదికలో మీటింగు పెట్టాను. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు వెనక గోడవారన. పరదా మీద బొమ్మలు వేసి చెప్పాను. భూగోళం, పొగ, కరుగుతున్న మంచు, దేశాల జెండాలు. పెద్దమ్మ అక్కడ ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చి అన్నం పెడుతూ అడిగింది.

"గిట్ల ఆరబెడితె ఎండ తగ్గుతదా బిడ్డా?"

"తగ్గుతది. మన ఒక్క మడితోని కాదు, అన్ని దేశాలు కలిసి చేస్తె తగ్గుతది."

"గాళ్ళు చేస్తుండ్రా?"

"చేస్తుండ్రు" అన్నాను. బడిలో పిల్లలకు చెప్పినంత ధైర్యంగా అన్నాను.

"గా దేశంల గూడ ఎండ గిట్లనే కొడ్తదా?"

"లేదు పెద్దమ్మా. వాళ్ళు ఎండ కోసమని సముద్రం ఒడ్డుకు పోయి బట్టలిప్పి పండుకుంటరట."

ఆమె నవ్వింది. పెద్దనాయన పోయాక ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదలు. నవ్వి, కొంగుతో మూతి తుడుచుకుని, మడి ఇస్తానన్నది.

భూమి ఇంకా పెద్దనాయన పేరు మీదే ఉంది. మార్చాలా అని అడిగాను.

"ఆయిన పేరే ఉంచు. ఎండకు పోయిండు గదా. జర ఆయిన పేరు మీదనే తగ్గనియ్యి."

జాబితాలో ఆయన పేరే రాశాను. గొట్టం నేనే పాతాను. దాంతో ఏం చూస్తారో, ఏం కొలుస్తారో ఆమెకు చెప్పలేదు. "నువ్వు నీళ్ళు ఆపు, గొట్టం సంగతి నేను చూస్కుంట" అన్నాను. అంత ప్రపంచం గురించి చెప్పినదాన్ని, ఆ మూరెడు గొట్టం గురించి చెప్పలేదు. పెద్దమ్మే కదా అని.

కాలువ కింద వరి పండించేవాళ్ళకు మడి ఆరబెట్టడం అంటే ఏమిటో బయటివాళ్ళకు అర్థం కాదు. నీళ్ళు మళ్ళీ ఎప్పుడు వదులుతారో నమ్మకం ఉండదు. వచ్చినప్పుడు గట్టు నిండా పెట్టుకోవడమే తెలిసిన పద్ధతి. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని మన్ను నెర్రె విచ్చడం చూస్తూ ఉండేదని పక్క మడి ఆయన చెప్పాడు. "మీ పెద్దమ్మకు జర చెప్పరాదూ, పొలం ఎండపెట్టుకుంటుంది" అన్నాడు. నేను నవ్వేశాను.

నేను వెళ్ళేది ప్రతి బేస్తవారం. ముందు రోజు ఫోన్ చేసి చెప్పేదాన్ని, అన్నం వండి పెడుతుంది కాబట్టి. మిగతా మడుల్లో నీళ్ళు వారానికింత దిగుతూ ఎర్రగీత చేరుతున్నాయి. పెద్దమ్మ మడిలో దిగడం లేదు. పైన చూస్తే మన్ను ఆరి ఉంటుంది, గొట్టంలో మాత్రం నాలుగు వేళ్ళ లోతులోనే నీళ్ళు. రెండు వారాలు పక్క మడి ఊట అనుకున్నాను. మూడో వారం ఫోటో పంపగానే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నాలుగో వారం నాకు కోపం వచ్చింది.

"నువ్వు దొంగతనంగ నీళ్ళు పెడ్తున్నవ్ గదా?" అని అడిగేశాను.

"మడిలకు సుక్క ఇడువలే బిడ్డా. ఒట్టు."

"మరి గొట్టంల నీళ్ళెట్ల ఉన్నయ్?"

"ఉన్నయంటె మంచిదే గదనే" అన్నది.

వెటకారం చేస్తోందనుకున్నాను. పొలం ఎండిపోతుందని భయపడి నీళ్ళు పెట్టి, నా దగ్గర బుకాయిస్తోందనుకున్నాను. ఆ రోజు అన్నం తినకుండా వచ్చేశాను. అలిగి వస్తున్న నా వెనకే చెంబు పట్టుకుని గేటు దాకా వచ్చింది. నేను తిరిగి చూడలేదు.

ఆ శనివారం మిర్యాలగూడ ఆఫీసులో కూర్చుని జాబితా సరిచేశాను. ఒక్క మడి వల్ల ఊరంతా పోకూడదని పైవాళ్ళు అన్నారు, అది నిజమే. పెద్దనాయన పేరు ఉన్న గడి మీదికి వెళ్ళి తొలగించాను. కారణం రాయమంటే "పద్ధతి పాటించలేదు" అని రాశాను. కిటికీ బయట రైస్ మిల్లు పొట్టు గాలికి ఎగురుతోంది, కళ్ళలో పడి మండుతోంది. పెద్దమ్మకు చెప్పలేదు. పంట కోతలయ్యాక చెబుదామనుకున్నాను.

మార్చిలో ఆ దేశం నుంచి ఇద్దరు వచ్చారు. తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు, చేతిలో ట్యాబ్ పట్టుకున్న కుర్ర అధికారి ఒకరు. ఉదయం కోదాడలో ఒక ఫంక్షన్ హాల్లో సభ. ఎవరి పొగ వల్ల ఎంత వేడి పెరిగింది, ఎవరు ముందు తగ్గించాలి, ఎవరి వాటా ఎంత. మనవాళ్ళు పాతకాలపు తప్పు మీది అన్నారు, వాళ్ళు ఇప్పటి సంగతి మాట్లాడదామన్నారు. అన్నీ నవ్వుతూనే, శాలువాలు కప్పుకుంటూనే. నేను పక్కన నిలబడి రెండు గంటలు తెలుగులోకీ ఇంగ్లిషులోకీ మార్చాను. మా వల్లే అని ఏ వైపు నుంచీ ఒక్కరూ అనలేదు. అననందుకు అప్పుడు నాకేమీ అనిపించలేదు.

తర్వాత మడి చూస్తామన్నారు. మా సూపర్‌వైజరు కోదాడ వైపు మనిషి. "మీ పెద్దమ్మగారి పొలానికే తీసుకెళ్దామండి. రోడ్డు పక్కనే ఉంది, కారు ఆగుతుంది, ఫోటోకి బాగుంటుంది" అన్నాడు. ఆ మడి జాబితాలో లేదు కదండీ అన్నాను. "ఫోటోకి జాబితా ఎందుకండీ మేడం" అన్నాడు. భోజనం తర్వాత వస్తామని పెద్దమ్మకు చెప్పి ఉంచాను. వంట ఆలస్యమవడంతో భోజనానికి ముందే బయల్దేరాం.

కారు ఆగేసరికి పెద్దమ్మ మడి మధ్యలో వంగి ఉంది. చేతిలో చెంబు. గొట్టంలోకి నీళ్ళు పోస్తోంది. తొందర తొందరగా, ఒలికిపోకుండా, ఎడమ చెయ్యి అడ్డం పెట్టి పోస్తోంది. మమ్మల్ని చూసి, అయ్యో అప్పుడే వచ్చారే అన్నట్టు నవ్వింది.

నాలుగు వారాల ఫోటోలు ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

"ఏం చేస్తున్నవ్ పెద్దమ్మా?" అన్నాను.

"దేశం గాని దేశం కెల్లి వచ్చిండ్రు గదా బిడ్డా. వట్టిది ఎట్ల సూపిస్త?" అన్నది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వొచ్చేనాడు గూడ పోస్త. బండి మీద తిరిగేదానివి. పొద్దుగాల పొద్దుగాల వట్టి ముంతల తలకాయ పెట్టి సూస్తే మంచిగుంటదా?" అన్నది.

ఆమె ఏమంటోందని పెద్దావిడ అడిగింది. అతిథికి ఖాళీ పాత్ర చూపించకూడదని మా దగ్గర ఆచారం అని చెప్పాను. ఆవిడ కళ్ళు తడి చేసుకుని, రెండు చేతులు జోడించి పెద్దమ్మకు దండం పెట్టింది. పెద్దమ్మ సిగ్గుపడి ఖాళీ చెంబు కొంగు చాటున దాచుకుంది. కుర్ర అధికారి గొట్టం దగ్గర వంగి, ట్యాబ్‌లో ఏదో రాసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను అక్కడే ఉండిపోయాను. సాయంత్రం వాకిట్లో కూర్చుని అడిగాను, ఈ ఖాళీ, నిండుల పట్టింపు నీకెప్పుడు మొదలైందని. ముందు ఇలా లేదు కదా అన్నాను. చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే చెప్పింది.

"ఆ దినం పొద్దుగాల నల్లా వస్తదని బిందె వట్టుకొని పోయిన. నల్లా రాలే. సూసి సూసి వట్టి బిందె సంకల పెట్టుకొని మర్లిన. గప్పుడే ఆయిన సద్ది కట్టుకొని వడ్ల కాడికి ఎల్తుండు. వాకిట్ల ఎదురువడ్డ. జర ఆగు, లోపలికొచ్చి కూసొని పో అన్న. పొద్దెక్కుతుందే అనుకుంట పొయిండు." చేటను ఒకసారి విదిల్చింది. "నేను ఇంకో సందు కెల్లి వొస్తే అయిపోవు బిడ్డా. దూరమని ఇట్లనే వచ్చిన."

దవాఖాన దగ్గర నా భుజం పట్టుకుని అన్న మాట అప్పుడు అర్థమైంది. పొద్దున కోదాడలో రెండు గంటలు అంతమంది చదువుకున్నవాళ్ళు ఒకరి మీదికొకరు తోసుకున్న ఎండను, ఈమె పది నెలలుగా ఒక్కతే, ఒక బిందె పేరు చెప్పి, మొత్తం తన మీద వేసుకుని మోస్తోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి, "మీ పెద్దనాయిన పేరు గాళ్ళ దేశం పోతదా?" అని అడిగింది.

"పోతది" అన్నాను.

మర్నాడే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను. ఆ మడిని మళ్ళీ జాబితాలో పెట్టమని బతిమాలాను. ఆమె నిజంగానే ఆరబెట్టింది, పక్కమడి వాళ్ళను అడగండి అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "మీరు చెప్పింది నేను నమ్ముతానండి. కానీ నీళ్ళు పోస్తుండగా వాళ్ళు కళ్ళారా చూశారు కదా. ఇప్పుడు మనం కదిపితే ఊరి మొత్తం రీడింగులు అనుమానిస్తారు. వదిలేయండి మేడం" అన్నాడు. ముప్పై మంది రైతుల మడులు ఆ ఊళ్ళో ఉన్నాయి. వదిలేశాను.

పెద్దమ్మకు మాత్రం పేరు వెళ్ళిందనే చెప్పాను. అంతకుముందు కన్నా హాయిగా అబద్ధం చెప్పాను. ఆమె ఆ మాట ఊళ్ళో పదిమందికి చెప్పుకుంది. "మా ఆయిన పేరు యూరప్ పొయింది" అనేది. పోయినవాడికి కూడా పాస్‌పోర్టు ఇచ్చారా అని వదినెలు ఎగతాళి చేస్తే, ఇచ్చిండ్రు అని నవ్వేది. ఆ నవ్వు చూసి, ఇక ఎప్పటికీ చెప్పనవసరం లేదనుకున్నాను.

మేలో పెద్దనాయన ఏడాది మాసికం వచ్చింది. ఆ రోజు కూడా ఎండ నిప్పులే. వచ్చిన చుట్టాలు తిని, నీడ పట్టున ఒరిగారు. పెద్దమ్మ వంటింట్లో ఉన్న బిందెలన్నీ నింపి వరసగా పెట్టింది. గ్లాసులు కూడా ఖాళీగా ఉంచడం లేదు. ఎవరు తాగి పెట్టినా వెంటనే నింపుతోంది. నిలబడ్డచోట నిలబడడం లేదు, వగరుస్తోంది. నేను చూడలేకపోయాను.

చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "బిందె వల్ల పోలేదు పెద్దమ్మా ఆయన. ఎండ వల్ల పోయిండు. ఆ ఎండ నీది కాదు. అందరిది. దేశాలన్నిటిది."

"అందరిది అంటె నాది గూడ గదా" అన్నది.

"కాదు. నీ పాపం ఏం లేదు అందుల."

"నువ్వు సదువుకున్నదానివి, నీకు అట్ల అనిపిస్తది. నేను ఎదురువడ్డది నిజం గదా బిడ్డా." అంటూనే లేచి, నేను తాగి పెట్టిన గ్లాసు నింపబోయింది.

అప్పుడు వచ్చింది నా కోపం. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. ఎండ మీదా, ఆ హాల్లో శాలువాల మీదా, నా చేత్తో నేను కొట్టేసిన పేరు మీదా. గ్లాసు లాక్కుని కింద పెట్టాను.

"ఈ పిచ్చితోనే పెద్దనాయన పేరు కొట్టేయించుకున్నవ్. నువ్వు గొట్టంల నీళ్ళు పోసుకుంట కూసుంటె, మడి ఆరలేదని రాసుకున్నరు. ఆయన పేరు ఏ దేశం పోలేదు. ఇంకా నింపు."

అన్నాక తెలిసింది అన్నానని. పక్క గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. కుదురుగా, లెక్క సరిచూసుకుంటున్నట్టు చూసింది.

"అంటె గిది గూడ నా చేతులనే పొయిందా బిడ్డా" అన్నది.

కాదని అన్నాను. పేరు కొట్టేసింది నేనే, నీకు చెప్పనిది నేనే, తప్పంతా నాదని అన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. ఆమె నన్ను లేవదీసింది, "ఊకో బిడ్డా, సుట్టాలు లేస్తరు" అన్నది. నేనన్న మాటల్లో ఒక్కటీ ఆమె లోపలికి పోలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఏడాదిగా ఒక్కటే మోస్తున్న మనిషికి రెండోది ఎత్తాను.

వానలు పడే వేళకు ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ దేశంలో ప్రభుత్వం మారిందన్నారు, వాటా దగ్గర మాట కుదరలేదన్నారు. మాకు వచ్చిన మెయిల్‌లో కారణం లేదు. గొట్టాలు పీకి ఆఫీసుకు చేర్చమని మాత్రం ఉంది. ఏ మడి పేరూ ఏ దేశానికీ పోలేదు. ముప్పై మంది మడులూ, పెద్దనాయన మడీ చివరికి ఒకటే అయ్యాయి. ఇది చెబితే పెద్దమ్మకు కాస్త తేలికవుతుందేమోనని ఆశపడ్డాను.

బేస్తవారం వెళ్ళాను. ముందు రోజు ఫోన్ చేస్తే, గొట్టం తానే తీసి పెడతానని అన్నది. వెళ్ళేసరికి అరుగు మీద గొట్టం ఉంది. చిల్లులు కనబడకుండా చుట్టూ పెద్దనాయన పంచె గుడ్డ చుట్టి ఉంది. ఎత్తబోతే బరువుగా ఉంది. లోపల నిండా ఆ యాసంగి వడ్లు పోసి, రెండు కొసలా బిగించి కట్టింది. నేను బండి మీద ఖాళీది పట్టుకుపోకూడదని.

పెద్దమ్మ లోపలి అర్రలో ఉంది. ప్రాజెక్టు ఆగిపోయిందని, ఎవరి పేరూ పోలేదని గడప ఇవతల నుంచే చెప్పాను. "అట్లనా" అన్నది. అన్నం తిని పొమ్మన్నది. వడ్డించి పక్కన కూర్చుంది, మా పిల్లల చదువులు అడిగింది, మామూలుగానే ఉంది. తిని బయటికి వచ్చి స్కూటీ ఎక్కాను. ఆమె రాలేదు.

"పెద్దమ్మా, గేటు కాడికి రా" అని పిలిచాను.

"నేను రాను బిడ్డా. నువ్వు ఎల్లు."

"చెంబు తెచ్చుకొనే రా."

"వద్దు బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు."

"నువ్వు రాకపోతె నేను బండి తియ్య" అన్నాను. ఇదివరకు అన్న మాటే. గొంతులో కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. గొట్టం కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలయింది. ఇరవై అయింది. నాలుగు చినుకులు పడి ఆగిపోయిన జూన్ ఎండ, హ్యాండిల్ మీద చెయ్యి పెట్టనీయడం లేదు. నడినెత్తి మాడుతోంది. తలుపు చాటున ఆమె చీర అంచు కనబడుతోంది. ఆమె కూడా నిలబడే ఉంది.

"పొద్దెక్కుతుంది బిడ్డా. ఎండ తాకుతది, పో" అన్నది లోపలి నుంచి. ఇంకాసేపు కూర్చుంటే, ఈ ఎండలో నాకేమన్నా అయితే, అది కూడా తన చేతులతోనే అనుకుంటుంది.

బండి తీశాను.